అరకు లోయ

తూర్పు కనుమల్లో, విశాఖపట్నానికి రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు అరకు లోయ. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక మండల కేంద్రం. చూడ్డానికి పట్నంలా ఉన్నా దీనికి మునిసిపాలిటీ లేదు. కాగితాల మీద ఇది పెదలబుడు పంచాయతీలో భాగం. ఒక పెద్ద వీధి, బస్సులు ఆగే కూడలి, రైల్వే స్టేషను, సంత మైదానం, ఇటీవల పుట్టుకొచ్చిన లాడ్జీలు, వీటిని దాటి నాలుగడుగులు వేస్తే వరి మడులు, చోడి (రాగి) చేలు, వాటి వెనక కొండలు. గాలికొండ, రక్తకొండ, సుంకరమెట్ట అడవి ఈ లోయకు చుట్టూ గోడలు.

ఊరు చిన్నదే కాని పేరు పెద్దది. నియోజకవర్గాల పునర్విభజన తరవాత 2009 ఎన్నికలనాటికి ఏర్పడిన అరకు లోక్‌సభ స్థానం ఇటు పాలకొండ నుంచి అటు రంపచోడవరం దాకా, ఒక కొస నుంచి ఇంకో కొసకు పోవడానికే ఒక రోజు పట్టేంత పొడవు. గిరిజనులకు కేటాయించిన ఆ స్థానానికి ఈ చిన్న ఊరి పేరే పెట్టారు. 2022 ఏప్రిల్ 4న విశాఖ మన్యాన్ని, తూర్పు గోదావరి మన్యాన్ని కలిపి అల్లూరి జిల్లా చేసినప్పుడు జిల్లా కేంద్రం మాత్రం పాడేరుకు దక్కింది.

అరకులో పర్యాటకులు చూసేవాటిలో చాలా భాగం వాళ్లకు చూపించడానికి కట్టినవి కావు. రైలు మార్గం ఇనుప ఖనిజం కోసం వచ్చింది. పద్మాపురం తోట యుద్ధంలో ఉన్న సైనికుల కూరగాయల కోసం వేశారు. కాఫీ మొక్క, కొండ మీద అడవి కొట్టి చేసే పోడు సాగుకు ప్రత్యామ్నాయంగా పెరిగింది. ఫోటోల్లో పసుపు తివాచీలా కనిపించే వలిసె చేను గిరిజన రైతు నూనె గింజ. యాత్రికుడు వీటన్నిటి తరవాత వచ్చినవాడు. అరకు చరిత్ర చదివేటప్పుడు ఈ వరస గుర్తుంచుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

జనం, భాషలు

లోయలోనూ చుట్టుపక్కల కొండల మీదా బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, కోందు, కమ్మర, నూకదొర, మాలి తెగలవాళ్లు ఉంటారు. ఒక్కో తెగకు ఒక్కో పని, ఒక్కో యాస. బగతలు చాలా చోట్ల గ్రామ పెద్దలు, పూర్వం ముఠాదారులు, అంటే కొన్ని ఊళ్ల మీద శిస్తు వసూలు చేసే పెద్దలు. కమ్మరులు కొలిమి పనివాళ్లు. మాలీలు కూరగాయల సాగులో ఆరితేరినవాళ్లు. గదబల్లో ఒక శాఖ మాట్లాడే గుతోబు భాష అసలు ద్రావిడ భాషే కాదు, ముండా కుటుంబానికి చెందింది. కోందుల కువి భాష ద్రావిడ కుటుంబంలోది. ఇన్ని భాషలవాళ్లు సంతలో ఒకచోట చేరితే బేరం ఎక్కువగా నడిచేది ఆదివాసీ ఒడియాలో, తెలుగులో. ఒడిశా సరిహద్దు ఇక్కడికి చాలా దగ్గర. కొండ అవతలి గూడెంలో చుట్టరికాలున్న కుటుంబాలకు ఆ గీత పటంలోనే తప్ప బతుకులో కనిపించదు.

గదబ స్త్రీలు చెట్టు నారతో తామే నేసుకునే చారల బట్ట, చెవులకు పెద్ద పెద్ద ఇత్తడి చుట్లు ఒకప్పుడు సంతలో దూరం నుంచే ఆనవాలు పట్టించేవి. ఇప్పుడు ఆ బట్ట మ్యూజియంలోనూ, ఏదైనా ఉత్సవ వేదిక మీదా తప్ప రోజువారీ కట్టుబడిలో కనబడటం అరుదు.

చైత్ర మాసంలో వచ్చే ఇటుకల పండుగ మన్యానికి పెద్ద పండుగ. విత్తనాలకు పూజ చేసి మగవాళ్లు వేటకు పోతారు. ఉత్త చేతులతో తిరిగివస్తే ఆడవాళ్లు పేడ నీళ్లు చల్లి ఎగతాళి చేయడం ఆచారం. వన్యప్రాణి చట్టాల వల్ల వేట నామమాత్రమైనా, రోడ్డుకు అడ్డంగా వెదురు పెట్టి వచ్చే పోయే బండ్లను ఆపి పండుగ చందా పుచ్చుకోవడం మాత్రం తగ్గలేదు. ఆ రోజుల్లో అరకు వెళ్లేవాళ్లు చిల్లర దగ్గర పెట్టుకోవడం మంచిది. అడిగేది బెదిరింపుగా కాదు, పాటతోటి.

పండుగ అన్నాక ధింసా ఉండాలి. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసి, నడుములు కలిపి వరసగా నిలబడతారు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మోగుతుంటే ఆ వరస పాములా మెలికలు తిరుగుతూ సుడిగా చుట్టుకుని మళ్లీ విప్పుకుంటుంది. దగ్గరగా చూస్తే పై శరీరం దాదాపు కదలదు. పనంతా పాదాలదే. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కు, మడమ నేలకు తాకించి లేపడం, అందరి కాలి అందెలూ ఒకేసారి మోగడం. గ్రామదేవతను కొలిచేది బోడ ధింసా. ఆకులు కోసే పనిని చూపేది పొటార్ టోలా. పులి నుంచి తప్పించుకునే అభినయం ఉన్నది బాగ్ ధింసా. భుజాలతో ఒకరినొకరు నెట్టుకునేది కుందా ధింసా. రిసార్టుల్లో రాత్రి మంట చుట్టూ అతిథుల కోసం పావుగంట ఆడేది వీటిలో ఒకటో రెండో అడుగులు మాత్రమే. గూడెంలో తెల్లవార్లూ సాగే ధింసా వేరు. అక్కడ చూసేవాళ్లంటూ ఎవరూ ఉండరు, అందరూ ఆడేవాళ్లే.

ఊటీ కాకపోవడం

అరకును ఆంధ్రా ఊటీ అని పిలవడం ప్రకటనల అలవాటు. ఆ పోలిక చరిత్రకు నిలవదు. ఊటీ, కొడైకెనాల్ దొరలు ఎండ భరించలేక కట్టుకున్న ఊళ్లు. క్లబ్బులు, చర్చీలు, గుర్రప్పందేలు, కృత్రిమ చెరువులు వాళ్లతో వచ్చాయి. అరకులో అవేవీ లేవు. కోరిక లేక కాదు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో గాలికొండ మీద సైనికులకు ఆరోగ్య విడిది పెట్టి చూశారు. మన్యం జ్వరం వాళ్లను నిలవనివ్వలేదు, ప్రయత్నం వదిలేశారు. మలేరియా మందులు వచ్చేదాకా మైదాన ప్రాంతపు మనిషికి ఈ కొండలు చల్లదనం కంటే చావునే ఎక్కువ గుర్తుచేసేవి. మన్యానికి బదిలీ అంటే గవర్నమెంటు ఉద్యోగులు శిక్షగా భావించేవాళ్లు. ఆ భావన ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పాలనలో ఈ ప్రాంతాన్ని విడిగా చూడటం 1839లో మొదలైంది. ఆ ఏడాది వచ్చిన గంజాం, విశాఖపట్నం ఏజెన్సీ చట్టం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటు హోదాలో పాలించమంది. ఏజెన్సీ అన్న మాట అప్పటిది. చట్టం పోయి చాలాకాలమైనా విశాఖ జనం నోట ఇంకా నలుగుతూనే ఉంది. కొండల మీద జయపురం, మాడుగుల, విజయనగరం వంటి సంస్థానాల ఆధిపత్యం, కింద ముఠాదారులు, అందరికీ అడుగున పోడు చేసుకునే గిరిజనుడు. 1922-24 నాటి మన్యం పోరాటానికి మూలం అడవి మీద ఆంక్షలు, వెట్టి చాకిరీ, అధికారుల దాష్టీకం. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న కొట్టిన చింతపల్లి పోలీసు స్టేషను, ఆ తరవాత కొట్టిన కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి అరకుకు నైరుతి దిక్కున చాలా దూరం. జిల్లా పేరు చూసి అరకు ఆ పోరాట కేంద్రమనుకోవడం పొరపాటు.

రెండో ప్రపంచ యుద్ధం నాడు మాత్రం లోయ మీద సర్కారు చూపు పడింది. 1942లో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన తోటే నేటి పద్మాపురం ఉద్యానవనం. యుద్ధం అయ్యాక అది పండ్ల మొక్కల నర్సరీ అయింది, గులాబీలు చేరాయి, చెట్ల మీద ఊగే కుటీరాలు, పిల్లల బొమ్మ రైలు వచ్చాయి. తోటలో వయసు మళ్లిన చెట్ల కింద నిలబడితే తప్ప దాని పుట్టుక ఎవరికీ గుర్తురాదు. గేటు దగ్గర ఆ కథ రెండు ముక్కల్లో రాసి పెడితే బాగుండేది.

ఇనుప రాయి తెచ్చిన దారి

అరకును మైదానానికి నిజంగా కలిపింది రైలు. బస్తర్‌లోని బైలదిల్లా కొండల్లో మేలు రకం ఇనుప ఖనిజం ఉంది. యుద్ధం తరవాత ఉక్కు పరిశ్రమను తిరిగి నిలబెట్టుకుంటున్న జపానుకు ఆ ఖనిజం కావాలి. మన దేశానికి విదేశీ మారకం కావాలి. 1960లో ఒప్పందం కుదిరింది. బైలదిల్లా నుంచి విశాఖ రేవుకు రాయి దిగాలంటే తూర్పు కనుమలను దాటాల్సిందే. అలా 1960లలో విశాఖ దగ్గరి కొత్తవలస నుంచి బైలదిల్లా కింది కిరండూల్ దాకా సుమారు 446 కిలోమీటర్ల బ్రాడ్‌గేజి మార్గం వేశారు. ఆ దశాబ్దం చివరికల్లా ఖనిజం రేవుకు దిగసాగింది. స్థానికులకు ఇది కేకే లైను.

బ్రాడ్‌గేజి బండిని కొండ ఎక్కించడం తేలిక కాదు. ఊటీ, డార్జిలింగు రైళ్లు చిన్నవి, ఇరుకైన పట్టాల మీద గిరికీలు కొట్టగలవు. వేల టన్నుల ఖనిజం మోసే బండికి మలుపు విశాలంగా ఉండాలి, వాలు తక్కువగా ఉండాలి. అందుకే ఈ మార్గం కొండ చుట్టూ తిరుగుతూ, అడ్డొచ్చిన చోట కొండనే తొలుచుకుంటూ పోతుంది. సొరంగాలు యాభైకి పైగా ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చున్నవాడికి లోయ కనిపించేసరికి చీకటి, చీకటికి కళ్లు అలవాటు పడేసరికి మళ్లీ లోయ. పెట్టెలోని పిల్లలు ప్రతి సొరంగంలోనూ కేకలు వేయడం ఈ ప్రయాణంలో తప్పని తంతు. ఎక్కడం కంటే దిగడమే రైల్వేవాళ్లకు దిగులు. నిండు బండి పల్లంలో అదుపు తప్పకుండా బ్రేకుల మీద పట్టుకొచ్చే డ్రైవర్ల నేర్పు గురించి ప్రయాణికులకు తెలిసేది తక్కువ. వర్షాకాలంలో కొండచరియలు, బండరాళ్లు పట్టాల మీద పడి రాకపోకలు ఆగిపోవడం మామూలే. 1980ల తొలినాళ్లలో ఈ కనుమ మార్గం విద్యుదీకరణ పూర్తయింది.

బొర్రాకూ అరకుకూ మధ్య శిమిలిగుడ స్టేషను ఉంది. ఎత్తు 996 మీటర్లు. చాలాకాలం దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజి స్టేషనుగా దీనికి పేరు. ఆ గొప్ప ఇప్పుడు చెల్లదు. కాశ్మీరు లోయలో బ్రాడ్‌గేజి నడుస్తున్న స్టేషన్లు దీనికంటే చాలా ఎత్తున ఉన్నాయి. అయినా యాత్రా పుస్తకాలు పాత వాక్యాన్నే మళ్లీ మళ్లీ అచ్చు వేస్తున్నాయి.

గూడ్సు కోసం వేసిన దారిలో విశాఖ–కిరండూల్ ప్యాసింజరు చేరింది. ఉదయం విశాఖలో ఎక్కితే అటూ ఇటుగా నాలుగు గంటల ప్రయాణంలో అరకు. గంపలు, కోళ్లు, పనస కాయలు, అడ్డాకు కట్టలతో ఎక్కేవాళ్లకు అది సంతకు పోయే బండి. 2017 ఏప్రిల్‌లో దీనికే అద్దాల పైకప్పు, తిరిగే కుర్చీలు ఉన్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. సెలవు రోజుల్లో ఆ టిక్కెట్టు దొరకడం గగనం. అదే బండిలో వెనక సాధారణ పెట్టెలో కూర్చుంటే కొండలు అవే, గాలి అదనం.

కాఫీ

తూర్పు కనుమల్లో కాఫీ మొదట వేసింది 1898లో, తూర్పు గోదావరి కొండల్లోని పాములేరు లోయలో, బ్రోడీ అనే ఆంగ్లేయుడని చెబుతారు. అక్కడి నుంచి అది నెమ్మదిగా ఉత్తరానికి పాకింది. స్వాతంత్ర్యం తరవాత అటవీ శాఖ అనంతగిరి, మినుములూరు వైపు అడవిలో తోటలు పెంచింది. 1985లో ఏర్పాటు మారి ఆ తోటలు అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వచ్చాయి. అయితే కథ మలుపు తిరిగింది పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు కలిసి గిరిజన రైతు సొంత చెక్కలోనే మొక్కలు నాటించడంతో. లక్ష్యం కాఫీ గింజ ఒక్కటే కాదు. పోడు కోసం కొండ కొట్టడం ఆగాలి, బోడిగుట్టల మీద నీడ పెరగాలి, ఇంటికి ఏటా కొంత నగదు రావాలి.

అరకు కాఫీ ఎక్కువగా అరబికా రకం. ఎత్తు, చల్లదనం, చెట్ల నీడ దానికి కావాలి. రైతులు ముందు సిల్వర్ ఓక్ నాటి, అది ఎదిగాక కింద కాఫీ వేస్తారు. సిల్వర్ ఓక్ మొదలుకు మిరియాల తీగ పాకిస్తారు. వేసవి మొదట్లో పడే వానకు తోటంతా ఒకేసారి తెల్లగా పూస్తుంది. వాసన మల్లెను తలపిస్తుంది, రెండు మూడు రోజుల్లో రాలిపోతుంది. ఆ వాన తప్పితే ఆ ఏడు పంట తప్పినట్టే. నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా కోత. ఒక కొమ్మ మీదే పచ్చి కాయ, దోర కాయ, ఎర్ర పండు పక్కపక్కన ఉంటాయి. పండినదాన్నే ఏరి కోయాలి. కొమ్మను పిడికిట్లో పట్టి ఒక్క ఊపున దూసేస్తే పని త్వరగా తెములుతుంది గాని రుచి చెడుతుంది, ధర పడుతుంది. పండు తోలు తీసి, కడిగి, ఎండబెట్టిన గింజకు ఒక ధర, పండును యథాతథంగా ఎండబెట్టిన దానికి ఇంకో ధర.

దళారులు ఎంత చెబితే అంతకు అమ్ముకోవాల్సిన రోజులు చాలాకాలం నడిచాయి. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అనేది, ఈ మార్కెట్లోకి గట్టిగా దిగాక రైతుకు ఒక ఆధారం దొరికింది. మరోపక్క నాంది ఫౌండేషన్ రైతుల సహకార సంఘంతో కలిసి సేంద్రియ పద్ధతిలో మేలు రకం కాఫీ తయారుచేయించి విదేశాలకు పంపింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరిచారు. మరుసటి ఏడు అక్కడి ప్రీ ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2024 జూన్‌లో ప్రధాని రేడియో ప్రసంగంలో దీన్ని మెచ్చుకోవడం, 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో స్టాలు పెట్టడం పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చాయి.

ఆ పతకాలకీ గూడెంలో పండించే మనిషికీ మధ్య దూరం ఇంకా ఉంది. ఒక్కో కుటుంబానికి ఉండేది ఒకటి రెండు ఎకరాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు కొండ మీది సిల్వర్ ఓక్ చెట్లు వేలాదిగా కూలి కాఫీ మొక్కల మీదే పడ్డాయి. నీడ చెట్టు మళ్లీ ఎదగడానికి ఏళ్లు పట్టింది. 2025లో అరకు మండలంలోనే కాయ తొలిచే పురుగు కనిపించింది. పురుగు సోకిన తోటల్లో కాయలు దులిపి, వేడి నీళ్లలో వేసి పాతిపెట్టాల్సి వచ్చింది. చింతపల్లి వైపు ఆర్.వి.నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది. పర్యాటకులు అక్కడిదాకా పోరు. అరకు ఊళ్లోని కాఫీ మ్యూజియంలో చాకొలెట్లు కొనుక్కుని, సుంకరమెట్ట తోటల్లో చెక్క వంతెన మీద ఫోటో దిగి వస్తారు.

బొర్రా గుహలు, ఒక తీర్పు

అరకుకు సుమారు 35 కిలోమీటర్ల ముందు, అనంతగిరి మండలంలో బొర్రా గుహలు ఉన్నాయి. సున్నపు రాయిని గోస్తని నది నీరు లక్షల ఏళ్లు కరిగిస్తూ పోగా మిగిలిన తొర్ర ఇది. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలుచని ఆమ్లమై రాతి పగుళ్లలోకి దిగుతుంది, సున్నాన్ని కరిగించుకుంటుంది. గుహ కప్పు నుంచి బొట్టుగా జారేటప్పుడు ఆ సున్నం కొంత అక్కడే అంటుకుంటుంది, కొంత కింద పడ్డచోట పేరుకుంటుంది. పైనుంచి దిగేవి, కింది నుంచి లేచేవి, ఎక్కడైనా రెండూ కలిస్తే స్తంభం. లోపల రంగు దీపాల వెలుగులో గైడు టార్చి వేసి ఇది శివపార్వతులు, ఇది మొసలి, ఇది మనిషి మెదడు అని చూపిస్తాడు. రంగు దీపాలు కాసేపు ఆర్పి మామూలు వెలుగులో చూపిస్తే రాయి అసలు రంగు తెలిసేది. తేమ గోడల మీద కొన్నిచోట్ల కనిపించే నారింజ రంగు పూత రాయిది కాదు, సూక్ష్మజీవులది.

గుహల గురించి ఒక కథ అందరూ చెబుతారు. మేస్తున్న ఆవు నేల కన్నంలోంచి లోపలికి పడిపోయింది, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనిపించింది, ఆవు పొదుగును తలపించే రాతి నుంచి నదికి గోస్తని పేరు వచ్చింది. శివరాత్రికి చుట్టుపక్కల గూడేల జనం ఇక్కడికి వస్తారు. పుస్తకాలు చెప్పే కథ వేరు. 1807లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ వీటిని కనుగొన్నాడని రాస్తాయి. భూగర్భ సర్వే శాఖ ఏర్పడిందే 1851లో. విలియం కింగ్ దానికి అధిపతిగా ఉన్నది ఆ శతాబ్దం చివర. కాబట్టి ఆ తేదీ ఎక్కడో తప్పిపోయి, ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకున్నదే. అదీగాక ఆవు కాపరి కథను బట్టి చూసినా కొండ జనానికి గుహ ముందే తెలుసు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులకు ఈ చోట ప్రాచీన శిలాయుగపు రాతి పనిముట్లు దొరికాయి. కేకే లైను ఈ గుహల మీదుగానే పోతుంది. లోపల ఉండగా గూడ్సు వెళ్తే నెత్తి మీద ఉరుము దొర్లినట్టుంటుంది.

బొర్రా పేరు గుహల వల్ల యాత్రికులకు తెలిస్తే, లాయర్లకు ఇంకో కారణంగా తెలుసు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1959లో వచ్చిన నిబంధనను 1970లో కట్టుదిట్టం చేశారు. అదే వన్ ఆఫ్ సెవెంటీ. అయినా అనంతగిరి మండలం బొర్రా పరిసరాల్లో కాల్సైటు తదితర ఖనిజాల తవ్వకానికి ప్రైవేటు సంస్థలకు లీజులు ఇచ్చారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు, ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో ఒక వ్యక్తే, గిరిజన ప్రాంతంలో తన భూమినైనా సరే ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదు అని తేల్చింది. దేశంలో గిరిజన భూముల వివాదం ఎక్కడ వచ్చినా సమత తీర్పును ఉదహరిస్తారు. అది నడిచింది ఈ గుహల చుట్టూ ఉన్న పల్లెల కోసం.

అరకు వీధి తీరును కూడా ఈ చట్టమే నిర్ణయించింది. గిరిజనేతరుడు ఇక్కడ భూమి కొనలేడు. అందుకే విశాఖ బీచి రోడ్డులో లాగా పెద్ద హోటళ్ల గొలుసులు వరస కట్టలేదు. బినామీ పేర్లతో లాడ్జీలు లేచాయన్న ఆరోపణలు తరచూ వింటుంటాం. ఆ లొసుగులున్నా, లోయలో ఈనాటికీ వరి మడులు కనిపిస్తున్నాయంటే చట్టమే కాపలా.

ఇంకా చూసేవి, తినేవి

1996లో తెరిచిన గిరిజన మ్యూజియం ఊరి నడిబొడ్డున ఉంది. మట్టి గోడల కట్టడం, లోపల వేట, పెళ్లి, సంత, ధింసా దృశ్యాల నిలువెత్తు బొమ్మలు, వెదురు ఉచ్చులు, నాగళ్లు, నగలు. తొందరగా చూసి బయటపడేవాళ్లే ఎక్కువ. చేపల బుట్ట అల్లిక ఒక్కదాని ముందు కాసేపు ఆగినా టిక్కెట్టు డబ్బు గిట్టుతుంది. డుంబ్రిగుడ వైపు చాపరాయి దగ్గర ఏరు వెడల్పాటి రాతి పలక మీదుగా జారుతుంది. పాచి పట్టిన రాయి, కాలు నిలవదు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి జీపు, ఆపైన నడక. అనంతగిరి దగ్గర తాటిగుడ జలపాతం వానాకాలం తరవాత చూడదగ్గది. కనుమ దారిలో గాలికొండ వ్యూ పాయింటు అందరూ ఆగేచోటు. మాడగడ గుట్ట మీదికి తెల్లవారక ముందే ఎక్కితే కింద మేఘాలు పాల చెరువులా పరుచుకుని ఉంటాయి. పాడేరు దగ్గర వంజంగి కొండదీ ఇదే ఆకర్షణ. చలికి పేరుపడ్డ లంబసింగి అరకు నుంచి ఇంకా దూరం, చింతపల్లి దారిలో. పర్యాటక ప్రకటనలు అరకునూ లంబసింగినీ కలిపేస్తాయి కాని ఒక్క రోజులో రెండూ చూడబోతే రోడ్డే మిగులుతుంది.

నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూస్తుంది. గింజ నల్లగా, సన్నగా ఉంటుంది, నూనె తీస్తారు. ఫోటోల కోసం చేలో దిగినవాళ్లు మొక్కలు తొక్కేస్తుండడంతో రైతులు గట్టు మీద తాడు కట్టి మనిషికి ఇంతని పుచ్చుకోవడం మొదలెట్టారు. కొన్ని చేలకు నూనె కంటే ఈ రుసుమే ఎక్కువ గిట్టుబాటు. కొందరు చేను మధ్య వెదురు ఊయల, మంచె కూడా కడుతున్నారు.

బొంగు చికెన్ ఇక్కడి పేరున్న తిండి. పచ్చి వెదురు బొంగు ఒక కణుపు మేర కోస్తారు. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి అడ్డాకులు కుక్కి, నిప్పుల మీద వాల్చి తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె వేయరు. బొంగు పై తోలు నల్లబడి, మూతి నుంచి ఆవిరి బుసకొడితే ఉడికినట్టు. విరగ్గొట్టి విస్తరాకులో దులిపితే ముక్క వెదురు వాసనతో దిగుతుంది. ముదురు బొంగుకు ఆ తేమ ఉండదు. అనంతగిరి, బొర్రా రోడ్డు పక్క బళ్ల దగ్గర అడిగితే బొంగు ఎప్పుడు కోసిందో చెబుతారు. ఇళ్లలో రోజూ తినేది ఇది కాదు. చోడి అంబలి, సామ అన్నం, రాజ్మా, అడవి దుంపలు, పుట్టగొడుగులు. వేసవిలో జీలుగు కల్లు. సంతలో పసుపు, మిరియాలు, అల్లం, పిప్పలి, చింతపండు, తేనె, చీపుర్లు దొరుకుతాయి. మధ్యాహ్నం దాటితే సంత సగం ఖాళీ, గూడేలకు నడిచిపోయేవాళ్లకు పొద్దు ముఖ్యం.

ఆ గూడేలకు అన్నిటికీ ఇంకా రోడ్డు లేదు. నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే వార్త ఏటా ఏదో పత్రికలో వస్తూనే ఉంటుంది. కొండల్లో చాలాకాలం మావోయిస్టుల ప్రాబల్యం ఉండేది. 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమలను డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర వాళ్లు కాల్చి చంపారు. కొన్నాళ్లు ఊరు ఖాళీ అయినట్టుంది. తరవాతి చలికాలానికే బండ్లు మళ్లీ బారులు తీరాయి.

రాకపోకలు, కాలం

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా జనం తాకిడి ఎక్కువ. రాత్రి చలి పది డిగ్రీల లోపలికి దిగుతుంది. 2017 నవంబరులో వేడిగాలి బుడగల పండుగ, 2025 జనవరి చివర చలి ఉత్సవం జరిపారు. జనసమ్మర్దం పడనివాళ్లకు వానలు తగ్గే సెప్టెంబరు మేలు, కొండ పచ్చగా ఉంటుంది, జలపాతాలు నిండుగా ఉంటాయి, రైలు ఆగిపోయే ప్రమాదం మాత్రం ఉంటుంది. రోడ్డు మార్గం శృంగవరపుకోట మీదుగా కనుమ ఎక్కుతుంది. విశాఖలోని ద్వారకా బస్‌స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి మన్యాన్ని నిలువునా కుట్టుకుంటూ పోతుంది. దాని వెడల్పు పనులతో లోయలోకి వచ్చే వాహనాలు ఇంకా పెరుగుతున్నాయి.

రైలు సంగతి మాత్రం కొత్త చిక్కులో పడింది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోను ఏర్పాటులో భాగంగా పాత వాల్తేరు డివిజన్‌ను రెండుగా చీల్చి, కొత్తవలస నుంచి బచేలి వైపు పోయే మార్గాన్ని తూర్పు కోస్తా రైల్వేలోని కొత్త రాయగడ డివిజన్‌కు ఇవ్వాలని 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఖనిజం ఆదాయంలో చాలా భాగం ఈ మార్గం మీదిదే. అరకు, బొర్రా స్టేషన్లు రెండూ ఆంధ్రలో ఉన్నాయి, ఎక్కే దిగే జనం ఎక్కువమంది విశాఖవాళ్లు. అరకు దాకానైనా విశాఖ డివిజన్‌లోనే ఉంచాలన్నది ఇక్కడివాళ్ల డిమాండు.